కలలు రాయించుకున్న మనిషి

పోయిన వారం మంచిర్యాల మార్కెట్‌లో పుచ్చకాయల బండి దగ్గర నిలబడి ఉన్నాను. బండివాడు ఒక కాయ ఎత్తి, వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, తట్టిన చోట చెవి ఆనించి విన్నాడు. "మంచిగున్నది సారు, తీస్కపో" అన్నాడు. నేను కాయ తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. ఎందుకు వట్టి చేతులతో వచ్చావని మా ఇంటావిడ అడిగితే ఎండగా ఉందన్నాను. అసలు సంగతి ఎండ కాదు. అలా ఊపిరి బిగబట్టి వినే మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను. ఆయన పోయి రెండేళ్లయింది.

పేరు రాయను. ఆయన భార్య ఇక్కడే నస్పూర్‌లో ఉంది. ప్రతి ఆదివారం చర్చిలో కనిపిస్తుంది.

నేను బొగ్గుగనిలో ముప్పై నాలుగేళ్లు లాంపు క్యాబిన్ గుమస్తాగా పనిచేశాను. గనిలోకి దిగే ప్రతి మనిషీ నా కిటికీ ముందు వరసలో నిలబడి, తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల నాకు ఇస్తాడు. అదే నంబరు ఉన్న టోపీ లైటు నేను అతనికి ఇస్తాను. దాన్ని అందరూ లాంపు అనేవాళ్లు. షిఫ్టు దిగి పైకి వచ్చాక లాంపు తిరిగి ఇచ్చి, బిళ్ల తీసుకుని ఇంటికి పోతాడు. అందరూ వెళ్లాక నా బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే ఆ మనిషి ఇంకా భూమిలోపలే ఉన్నాడని అర్థం.

ఆయన పని పైకప్పును పరీక్షించడం. ఇనుప పొన్ను వేసిన కర్రతో, తల మీది బొగ్గు పొరను తడుతూ ముందు నడవాలి. గట్టిగా పలికితే వెనక వాళ్లు పని మొదలుపెడతారు. డొల్లగా పలికితే అందరూ వెనక్కి రావాలి. ఆయన వెనక్కి రమ్మన్న చోట పైకప్పు కూలని రోజు లేదని కార్మికులు చెప్పుకునేవారు. నా డైరీ ప్రకారం రెండుసార్లు కూలలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఎవరింటికి వెళ్లినా గడపలో నిలబడి ముందు పైకి చూసేవాడు. ఆ తర్వాతే మనుషులను పలకరించేవాడు. ఫ్యాను కింద కూర్చునేవాడు కాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ బల్లనూ గోడనూ మంచినీళ్ల కుండనూ తట్టి, తల ఒక పక్కకు వంచేవాడు.

"మరిదీ, సజ్జ మీద అటుకుల డబ్బా ఉన్నది. అది గూడ తట్టి చూస్తవా?" అని మా ఇంటావిడ ఎగతాళి చేసేది.

ఆయన నిజంగానే లేచి తట్టేవాడు. "డొల్ల, వదినా. అన్న నిన్ననే ఖాళీ చేసిండు."

నేను పదవీ విరమణ చేసిన రోజు అందరూ దండలు వేస్తుంటే, ఆయన మాత్రం నా ఛాతీ మీద రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విని, "గట్టిగున్నవన్నా. ఏం ఫికర్ లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

గంజాయి ఆయనకు పెళ్లికి ముందు నుంచే అలవాటు. ఆదిలాబాద్ వైపు, ఆయన పుట్టిన ఊళ్లో, పత్తి చేలలో అక్కడో మొక్క ఇక్కడో మొక్క ఉండేదట. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ డ్యూటీకి ముందు ముట్టలేదు. ఇది నేను నమ్మకంగా చెప్పగలను. ప్రతి షిఫ్టుకూ కిటికీలోంచి ఆయన కళ్లు చూసింది నేనే. ఇంటికి వెళ్లాక సాయంత్రం చిలుం వెలిగించేవాడు. రిటైరయ్యాక షిఫ్టు లేకుండా పోయింది. దాంతో పొద్దున్నే మొదలయ్యేది.

ఒకరోజు ఆయన భార్య స్నానాల గదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆయన పక్క గదిలోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె పిలిచిన పిలుపు రెండు క్వార్టర్ల అవతల ఉన్న మాకు వినిపించి మేము పరుగెత్తాం. మేము వెళ్లేసరికి ఆయన గోడ వైపు చూసి చిన్నగా నవ్వుకుంటున్నాడు.

కట్టు కట్టించుకున్న చేత్తోనే ఆమె సుల్తానాబాద్‌లో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. బస్సెక్కే ముందు నాతో అంది: "పైకప్పు పలికితె ఇనేటోడు బావా, పెండ్లాం పిలిస్తె ఇనలే. నేను ఇగ రాను."

ఏడు నెలలు ఆమె రాలేదు. నేను రెండుసార్లు సుల్తానాబాద్ వెళ్లి మాట్లాడాను. రెండోసారి ఒక మాట ఇచ్చింది. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఆయన ముట్టకుండా ఉంటే పెట్టె తీసుకుని వస్తానంది. "ఒక్క దినం తప్పినా రాను. నువ్వే సాక్ష్యం" అంది.

ఈ శ్రమదినాలను నలభై అంటారు గాని ఆదివారాలు కలిపితే నలభై ఆరు. ఆయనకు ఆదివారాల సెలవు లేదు కాబట్టి నేను డైరీలో నలభై ఆరు గీతలు గీశాను. నిద్ర, ఆకలి, చెమట, కోపం, కల అని అయిదు గడులు పెట్టాను. రోజూ తెల్లవారి అయిదింటికి ఆయన మా వరండాలోకి వచ్చి కూర్చునేవాడు. టీ తాగుతూ చెప్పేవాడు, నేను రాసేవాణ్ని.

మొదటి వారం చెమట గడి నిండిపోయింది. ఆయన క్వార్టర్ ముందు తీగ మీద రోజూ ఒక దుప్పటి ఆరేసి ఉండేది. అన్నం నోట్లో పెట్టుకుంటే బొగ్గుపొడి నమిలినట్టుందని అనేవాడు. నాలుగో రోజు పాలవాడి మీద గిన్నె విసిరాడు. అయిదో రోజు నా మీదే లేచాడు. "ఏం రాస్తున్నవయ్యా పొద్దుగాల పొద్దుగాల? నేను సచ్చినంక అచ్చేస్తవా?" అని గేటు విసురుగా వేసి వెళ్లి, పావుగంటలో తిరిగి వచ్చి, "జర టీ ఉన్నదా అన్నా?" అన్నాడు.

ఆ వారంలోనే మంచిర్యాలలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ మానసిక వైద్యురాలు ఓపికగా చెప్పింది. "నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, కోపం వస్తుంది. ఇదంతా మామూలే. తర్వాత కలలు విరగబడి వస్తాయి. గంజాయి తాగినన్నాళ్లూ కలలు అణిగి ఉంటాయి. మానేస్తే లేస్తాయి. కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. వాటిలో అర్థాలు వెతక్కండి. ఒకవేళ మళ్లీ ఒకసారి తాగినా అంతా అయిపోయిందనుకోకుండా నా దగ్గరికి రండి." ఆ మాటలు కూడా రాసుకున్నాను. రాసుకున్నానే గాని పాటించలేదు.

తొమ్మిదో రోజు మొదటి కల వచ్చింది.

"ముప్పై ఏండ్లాయె కల వడక" అన్నాడు ఆయన. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "లాంపు క్యాబిన్ల నువ్వు లేవన్నా. నీ కుర్చీల నేనున్న. బయట లైను వడ్డరు మందంత. ఒక్కడు గూడ మాట్లాడడు. మూతులు కదులుతున్నయి, సప్పుడు లేదు. ముందటోడు చెయ్యి సాపిండు. బిళ్ల మీద నంబరు చదివి లాంపు ఇచ్చిన."

"నంబరెంత?"

ఆ ప్రశ్న నేను అడగకుండా ఉండాల్సింది. కాని జీవితమంతా కిటికీ దగ్గర నేను అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

"నాలుగు వందల పన్నెండు."

రిటైరయ్యే ముందు నేను లాంపు నంబర్లూ పేర్లూ మొత్తం ఒక డైరీ చివర ఎత్తి రాసుకున్నాను. లోపలికి వెళ్లి చూశాను. ఆ నంబరు మనిషి పక్షవాతంతో పోయి తొమ్మిదేళ్లయింది. వరండాలోకి వచ్చి ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మా వరండా పైకప్పు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు డెబ్బై ఏడు తెచ్చాడు. భైంసా నుంచి బండి మీద వస్తూ లారీ కింద పడి పోయిన మనిషి అతను. ఆ మర్నాడు రెండు నంబర్లు. ఇరవయ్యో రోజుకు పదకొండు నంబర్లయ్యాయి. నా జాబితాలో చూస్తే పదకొండు మందీ పోయినవాళ్లే.

నేను లెక్కలు చూసే మనిషిని. ఆ జాబితా పాతది. అందులో ముప్పాతిక మంది ఇప్పుడు లేరు. ముప్పై ఏళ్లు వరసలో నిలబడిన మనిషికి ముందువాడి నంబరు కంట్లో పడి ఉంటుంది. ఇవన్నీ పద్దెనిమిదో రోజునే ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆయనకు మాత్రం చెప్పలేదు. నిజం ఒప్పుకోవాలంటే, తెల్లవారడం కోసం అప్పటికి నేను కూడా ఎదురుచూస్తున్నాను. ఆయన గేటు తీసిన చప్పుడు వినగానే జాబితా తెచ్చి ఒళ్లో పెట్టుకునేవాణ్ని.

"లాంపులు తీస్కపోయినోళ్లు పోయినట్టే పోతున్రన్నా" అన్నాడు ఒకరోజు. "ఒక్కడు వాపస్ తెస్తలేడు. లాంపులు వెట్టె రాకులన్ని ఖాళీ అయినయి. బోర్డు నిండ బిళ్లలే."

ఆ వారమే డెబ్బై ఏడో నంబరు మనిషి భార్య మా ఇంటికి వచ్చింది. నిలబడే మాట్లాడింది. "సారూ, గాయిన పగటీలి మా ఇంటికొచ్చి లాంపు అడుగుతుండు. మా ఇంటాయన పోయి ఆరేండ్లాయె. యాడ వెట్టిండో దేవులాడుమంటుండు. పొల్లగాండ్లు పరేషాన్ అయితున్రు."

నేను సర్ది చెప్పి పంపాను. ఆమె గేటు దాకా వెళ్లి ఆగింది. "నేను గూడ అర్ర మొత్తం దేవులాడిన సారు" అని గొంతు తగ్గించి అంది. "ఎందుకు దేవులాడిన్నో నాకే తెల్వది."

ముప్పయ్యో రోజు దాటాక మార్పు కనిపించింది. తీగ మీద దుప్పటి లేదు. ఆకలి గడిలో "రెండు రొట్టెలు" అని రాశాను, తర్వాత "మూడు". పాలవాడితో జోకులు వేస్తున్నాడు. ముప్పై ఎనిమిదో రోజున కల గడి ఖాళీ. ఆ తర్వాత ఎనిమిది రోజులూ ఖాళీయే. డాక్టరు చెప్పినట్టే అంతా సర్దుకుంటోంది. అయినా అయిదింటికి వచ్చి, టీ తాగి, సుల్తానాబాద్ నుంచి బస్సు ఎన్నింటికి వస్తుందో నన్ను అడిగి వెళ్లేవాడు. తెలియక అడిగేది కాదు. ఆ వేళలు ఆయనకు నాకంటే బాగా తెలుసు.

నలభై ఆరో రోజు శనివారం సాయంత్రం ఆమె పెట్టెతో మా ఇంట్లో దిగింది. "రేపు సమాధుల కాడ కానొస్త. ముందుగాల చెప్పకు బావా. నన్ను సూడంగనే ఎట్లుంటడో సూస్త" అంది. ఆమె కొత్త చీర కూడా తెచ్చుకుందని మా ఇంటావిడ తర్వాత చెప్పింది.

మా సంఘంలో ఈస్టర్ ఆరాధన సమాధుల తోటలో మొదలవుతుంది. ఇంకా చీకటి ఉండగానే అందరూ చేరతారు. గేటు దగ్గర ఒకరు నిలబడి ఒక్కొక్కరికీ కొవ్వొత్తి వెలిగించి ఇస్తారు. తూర్పు తెల్లబడి మొదటి కీర్తన ఎత్తుకునే దాకా ఎవరూ మాట్లాడకూడదు. తీసుకున్న కొవ్వొత్తిని తమ వాళ్ల సమాధి మీద పెట్టాలి. కొవ్వొత్తులు పంచేవాణ్ని ఏటా సంఘ కార్యదర్శి నియమిస్తాడు. ఆ కార్యదర్శిని నేను. అది గౌరవమైన పని. నలభై ఆరు రోజులు నిలబడిన మనిషికి తగిన పని అనుకుని, ఆయనకు ఇచ్చాను.

ఆయన కలలన్నీ నా చేత్తో రాశాను. అయినా ఆ పనికీ ఆ కలకూ ఉన్న పోలిక నాకు తట్టలేదు.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గేటు స్తంభం పక్కన బల్ల వేసి, కొవ్వొత్తుల పెట్టె పెట్టుకుని నిలబడ్డాడు. చీకట్లో వరస కట్టారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఒక్కో చెయ్యి చాపుతున్నారు, ఆయన ఒక్కో దీపం ఇస్తున్నాడు, అది తీసుకుని లోపలికి వెళ్లిపోతున్నారు. నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను. ఇరవై మంది దాకా సవ్యంగానే జరిగింది. తర్వాత ఆయన చేయి నెమ్మదించింది. మనుషుల ముఖాలు చూడటం మానేసి, వాళ్ల అరచేతుల్లోకి చూడసాగాడు.

ఆమె కావాలనే వరస చివర్లో నిలబడింది. తన వంతు రాగానే కొంగు సర్దుకుని, అతుక్కున్న మణికట్టు ముందుకు చాపింది.

ఆయన ఆ అరచేతిలోకి వంగి చూశాడు.

"నంబరెంత?" అన్నాడు.

ఆమె పరాచికం అనుకుంది. మాట్లాడకూడదన్న నియమం మరిచి నవ్వింది. "ముప్పై రెండేండ్ల పెండ్లాన్ని. నాకు నంబరేంది?"

ఆమె ముందు వాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. ఆయన మాత్రం అదే గొంతుతో, కోపం లేకుండా, డ్యూటీలో ఉన్న మనిషిలా, "బిళ్ల ఏది? బిళ్ల లేకుంటె లాంపు ఇయ్యరు" అన్నాడు.

ఆమె చేయి నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. చేతిలో ఉన్న కొవ్వొత్తిని ఆయన నోటితో ఊది, పెట్టెలో పెట్టి, మూత వేశాడు. తోటలోకి, ఆ దీపాల వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత గేటు దాటి రోడ్డు మీదికి నడిచి వెళ్లిపోయాడు. లోపల కీర్తన మొదలైంది.

ఆరాధన అయ్యాక ఆయన క్వార్టర్‌కు వెళ్లాను. వాసన గేటు దగ్గరే తగిలింది. ఆయన కుర్చీలో కూర్చుని చద్దన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని ఆబగా తింటున్నాడు. కళ్లు ఎర్రగా, ముఖం ప్రశాంతంగా ఉంది.

"ఆకలైతుందన్నా. ఎంత మంచిగున్నదో" అన్నాడు. "అందరు పోయిన్రు. క్యాబిన్ బంద్ వెట్టిన."

"ఆమె వచ్చింది. నువ్వు గుర్తుపట్టలేదు."

ముద్ద నోటి దగ్గర ఆగింది. "ఆడోళ్లు బొగ్గు బాయిల దిగరు గద" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆమె మా వరండాలో, ఆయన రోజూ కూర్చునే చోట, పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. నేను చెప్పేలోపే తెలుసుకుంది.

"తాగకుంటె సచ్చినోళ్లు కానొస్తున్రు, తాగితె బతికినోళ్లు కానొస్తలేరు. నేను యాడ ఉండాలె బావా?"

నేను డైరీ తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"నలభై ఆరు దినాలు ముట్టలేదు గద? నిజమే గద?"

"ముట్టలేదమ్మా. నేనే సాక్ష్యం."

"అయితే సదువు. అంత సదువు."

మొదటి రోజు నుంచి చదివాను. మధ్యాహ్నం దాటింది. పండుగ వంట చల్లారిపోయింది. ప్రతి నంబరూ, దాని మనిషీ, అన్నీ వింది. ఇరవై తొమ్మిదో రోజు దగ్గరికి వచ్చాను. నేను రాసింది ఇది: "కల ఉంది. నంబరు లేదు. గోడ వెనక ఎవరో పిలుస్తున్నారట. గోడ మొత్తం తట్టి చూశాడట. అంతా గట్టిగానే పలికిందట, తలుపు దొరకలేదట. ఏడ్చాడు. విశేషమేమీ లేదు."

తర్వాతి రోజుకు పేజీ తిప్పబోయాను. ఆమె డైరీ మీద చెయ్యి పెట్టింది.

"ఏడ్చిండా?"

"ఏడ్చాడు."

"మరి ఏం లేదని ఎట్ల రాసినవ్ బావా?"

"నంబరు లేదమ్మా" అన్నాను.

ఆమె మిగతా రోజులు చదివించుకోలేదు. పెట్టె ఎత్తుకుని, సుల్తానాబాద్ బస్సు వైపు కాకుండా, రెండు క్వార్టర్ల అవతలికి నడిచింది.

ఆయన ఆ తర్వాత పదకొండు రోజులు తాగాడు. మళ్లీ మానేశాడు. ముసురు రోజుల్లో మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఆమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన పోయేనాటికి ముట్టక ఎన్నాళ్లయిందో నాకు తెలియదు. ఆ లెక్క నా దగ్గర లేదు.

మూడోసారి మానిన పదో రోజు, తెల్లవారి అయిదింటికి, గేటు చప్పుడైంది. ఆయన అనుకున్నాను. వచ్చింది ఆమె. ఆసుపత్రి చీటీ మా ఇంట్లో ఉండిపోయిందట, దానికోసం వచ్చింది. మనిషి అలసిపోయి ఉంది, కళ్ల కింద నలుపు.

"కలలు మళ్లీ మొదలయ్యాయా?" అన్నాను.

"ఆఁ. మస్తు మంది వచ్చిన్రట. లైను బాయి గేటు దాక ఉన్నదట." చీటీ మడిచి కొంగున కట్టుకుంది. "కిటికి కాడ నేను గూడ ఉన్ననట బావా, పక్కన స్టూలేస్కొని. ఒక్కొక్కల్ల చేతులకెల్లి లాంపులు గుంజుకొని, ఇగ ఇంటికి పోండ్రి, పొద్దువోయింది అంటున్ననట."

ఎవరెవరు వచ్చారని నా నోటి దాకా వచ్చింది. ఆమె నా ముఖం చూసి, గేటు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నేను అడుగలే" అంది. "నువ్వు గూడ అడుగకు."